కార్బొరేటర్ నుంచి ఇంజెక్టర్ దాకా: సీమ ఎండల్లో పెట్రోలు బండి

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 11 కిలోల గాలి కావాలి. మామూలు రోజుల్లో అది దాదాపు 9,000 లీటర్ల గాలి. మే నెల మధ్యాహ్నం కర్నూలులో ఎండ 45 డిగ్రీలకు చేరితే గాలి వ్యాకోచించి పలచబడుతుంది. అప్పుడు అదే లీటరుకు 10,000 లీటర్ల దాకా పీల్చుకోవాలి. ఇంజను సిలిండరు మాత్రం పెరగదు, తరగదు. మారిన గాలికి తగ్గట్టు పెట్రోలును కొలిచి పంపే బాధ్యత ఇంధనం అందించే యంత్రాంగానిది. గాలి మారిన సంగతి దానికి తెలిస్తే మంట శుభ్రంగా మండుతుంది. తెలియకపోతే పొగ పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది, ఎండలో బండి మొరాయిస్తుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో చాలావరకు కొత్త మోటారుసైకిళ్ళలో, స్కూటర్లలో, చివరకు పల్లెల్లో పాలక్యాన్లూ గడ్డిమోపులూ మోసే టీవీఎస్ ఎక్స్‌ఎల్‌లో కూడా కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడితే రెండు మాటలూ వినిపిస్తాయి. పాత బండయితే ఎక్కడ ఆగినా స్క్రూడ్రైవర్‌తో బాగుచేసుకోవచ్చని ఒకరు, కొత్త బండి ఎండలో కూడా ఒక్క మీటతో స్టార్టవుతుందని ఇంకొకరు. రెండింటిలోనూ నిజముంది. ఎండ, దుమ్ము, తరచూ మారే ఇంధనం ఉన్న ఈ నేలకు సెన్సార్లున్న ఇంజెక్షన్ పద్ధతే సరిపోతుందని, కానీ శుభ్రమైన పెట్రోలు, చదువుకున్న మెకానిక్ తోడు లేకపోతే ఆ మేలు సగం కూడా జనానికి అందదన్నది ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్న మాట.

కావలసిన పాళ్ళు

స్వచ్ఛమైన పెట్రోలు ఒక గ్రాము కాలడానికి 14.7 గ్రాముల గాలి సరిగ్గా సరిపోతుంది. పెట్రోలు అంతకన్నా ఎక్కువైతే మిశ్రమం చిక్కనిది, తక్కువైతే పలచనిది. చల్లని ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు, నిండు బరువుతో మెట్ట ఎక్కేటప్పుడు కొంచెం చిక్కనిది కావాలి. సమతలం మీద నిలకడగా పోయేటప్పుడు పలచనిది చాలు. అంటే పాళ్ళు క్షణక్షణం మారుతుంటాయి.

కొలత ఎంత సూక్ష్మమో చూడాలి. 100 సీసీ మోటారుసైకిలు నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 33 సార్లు గాలి పీల్చుకుంటుంది. ఒక్కో విడతలో దానికి కావలసిన పెట్రోలు నాలుగైదు మిల్లీగ్రాములు. సెకనుకు 33 సార్లు, ఏళ్ళ తరబడి, గతుకుల రోడ్డు మీద, మండే ఎండలో ఇంత చిన్న కొలతను తప్పకుండా అందించడమే ఈ యంత్రాంగం పని.

గాలి వేగంతో పనిచేసిన ఇత్తడి తెలివి

1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగరీలో డోనాట్ బాంకి, యానోష్ చోంకా వేరువేరుగా పెట్రోలును తుంపరగా చల్లే కార్బొరేటర్‌ను తీర్చారు. సూత్రం చిన్నది. గాలి పోయే గొట్టాన్ని ఒకచోట ఇరుకు చేస్తే అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు మీద మాత్రం బయటి వాతావరణ పీడనం మామూలుగానే ఉంటుంది. ఆ తేడాయే పెట్రోలును సన్నని జెట్ గుండా పైకి నెట్టి గాలిలో కలుపుతుంది. ఎక్కువ గాలి వస్తే ఎక్కువ పెట్రోలు వస్తుంది. కరెంటు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు.

గిన్నెలో పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. మిద్దె మీది నీళ్ళ ట్యాంకులో బంతి తేలి నీళ్ళు కట్టేసినట్టే ఇక్కడ ఫ్లోటు తేలి నీడిల్ వాల్వును మూస్తుంది. ఆ వాల్వు మొన దగ్గర ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కుంటే పెట్రోలు ఓవర్‌ఫ్లో అయి కిందికి కారిపోతుంది. బండి నిలకడగా ఆడేటప్పుడు పైలట్ జెట్, మధ్య వేగంలో స్లైడుకు బిగించిన సూది, పూర్తి వేగంలో మెయిన్ జెట్ పెట్రోలు కొలుస్తాయి. చలిలో గాలి తగ్గించి మిశ్రమం చిక్కబరచడానికి చోక్ ఉంది. సీమలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో తప్ప దాని అవసరం పెద్దగా పడదు.

1980లో వచ్చిన టీవీఎస్ 50, అంతకుముందు నుంచే ఉన్న బజాజ్ చేతక్, 1985 నాటి హీరో హోండా సీడీ 100, 1994 నాటి స్ప్లెండర్, 1983 చివర్లో వచ్చిన మారుతి 800 మొదట్లో ఈ పద్ధతితోనే నడిచాయి. వీటిలో టూ-స్ట్రోక్ బళ్ళకు పెట్రోలులో ఆయిలు కలపాలి. కాలిన పొగను బయటికి తోసేటప్పుడు కాలని మిశ్రమం కొంత దాని వెంటే పోయేది. పొగ, వృథా రెండూ ఎక్కువే. ఫోర్-స్ట్రోక్ బళ్ళు పల్లెల్లో గెలవడానికి మైలేజీ ముఖ్య కారణం.

ట్యాంకు కింద ఉండే కాక్ కూడా ఈ పద్ధతిలో భాగమే. ఆన్, ఆఫ్, రిజర్వు. బండి దడదడమని ఆగబోతే కాక్‌ను రిజర్వుకు తిప్పి ఊరు చేరడం ఒక తరమంతా అలవాటు చేసుకున్న పని.

ఎండ పెట్టిన పరీక్ష

కార్బొరేటర్ గాలి ఘనపరిమాణాన్ని గుర్తిస్తుంది కానీ దాని బరువును సరిగా లెక్కించలేదు. గాలి 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రత దాదాపు 8 శాతం తగ్గుతుంది. జెట్టు అందుకు తగ్గట్టు పెట్రోలు తగ్గించదు. లెక్క వేస్తే మిశ్రమం సుమారు 4 శాతం చిక్కబడుతుంది. వేసవిలో పాత బండి మైలేజీ తగ్గడానికి ఇదొక కారణం.

రెండోది ఆవిరి. పెట్రోలు ఒకే ద్రవం కాదు, వేరువేరు ఉష్ణోగ్రతల్లో మరిగే ఎన్నో ద్రవాల కలయిక. అందులో తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. బయట ఎండ, పక్కనే ఇంజను వేడి. బండి ఆపగానే గాలి తగలక ఆ వేడంతా కార్బొరేటర్‌కు ఎక్కుతుంది. గిన్నెలోని పెట్రోలు మరిగి ఆవిరి ఇంజనులోకి నిండుతుంది. పది నిమిషాల తర్వాత వచ్చి కిక్కు కొడితే స్టార్ట్ కాదు. "అన్నా, ఎండకు పెట్టి వచ్చినా, స్టార్ట్ కావడం ల్యాదు" అని షెడ్డుకు తోసుకొచ్చే బళ్ళలో చాలావాటి జబ్బు ఇదే. అప్పుడు చోక్ వేస్తే ఇంకా చెడుతుంది. చోక్ ముట్టకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కు కొడితే ఎక్కువ గాలి వెళ్ళి మిశ్రమం సరిపడుతుంది.

కార్లలో ఇది మరో రూపంలో కనిపించేది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి పాత కార్లలో ట్యాంకు వెనక ఉంటే, ఇంజనుకు బిగించిన పంపు అక్కడి నుంచి పెట్రోలును లాగేది. లాగేటప్పుడు గొట్టంలో పీడనం తగ్గుతుంది, పీడనం తగ్గితే తక్కువ వేడికే మరుగుతుంది. కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ లాంటి ఎక్కుడు దగ్గర, బరువు మీద, నెమ్మదిగా పోయే కారుకు ఎండ, ఇంజను వేడి, తగ్గిన పీడనం మూడూ ఒకేసారి తగులుతాయి. గొట్టంలో ఆవిరి బుడగ అడ్డుపడితే పంపు కొట్టుకుంటుందే గానీ పెట్రోలు కదలదు. దీనినే వేపర్ లాక్ అంటారు. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారేదాకా కాచుకోవడం ఆనాటి డ్రైవర్ల వైద్యం. పెట్రోలు తయారీ ప్రమాణాల్లో వేసవికి వేరుగా ఆవిరి పరిమితి పెట్టడానికి కారణం కూడా ఇదే. వేసవి పెట్రోలులో తేలిక భాగాలు తక్కువగా ఉండాలి.

మూడోది దుమ్ము. బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ యూనిట్లు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారాలు, మంగంపేటలో ముగ్గురాయి గనులు. ఇక్కడ గాలిలో కలిసే దుమ్ము మామూలు మట్టి కన్నా సన్నగా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే కార్బొరేటర్ లోపల పీడనం మరింత తగ్గి పెట్రోలు ఎక్కువగా లాక్కుంటుంది. సైలెన్సర్‌లో మసి, ప్లగ్గు మీద నల్లటి పూత అందుకు గుర్తులు. ఫిల్టర్ మూసుకుపోయిందని తీసి పారేస్తే ఆ రాతి పొడి నేరుగా సిలిండరులోకి పోయి బోరును అరగదీస్తుంది. దుమ్ము ప్రాంతంలో తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే ఫిల్టర్ చూసుకోవాలి.

ఇంజెక్షన్ ఎందుకు రావలసి వచ్చింది

ఇంజెక్షన్ కొత్త ఊహ కాదు. 1954లో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ కారులో యాంత్రిక పంపుతో పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మారు. 1967లో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ పద్ధతిని ఫోక్స్‌వ్యాగన్ కార్లలో తెచ్చింది. 1976లో వోల్వో కారులో పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్ వచ్చాక కథ మలుపు తిరిగింది. అంతవరకు ఇంధన వ్యవస్థ లోపలికి పోయే గాలిని మాత్రమే చూసేది. ఆ తర్వాత మంట ఫలితాన్ని కూడా చూసి తన తప్పు తాను దిద్దుకోసాగింది.

దీని వెనక ఉన్నది పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్. మిశ్రమం 14.7కు దగ్గరగా నిలిస్తేనే మూడు రకాల విషవాయువులనూ అది ఒకేసారి శుద్ధి చేయగలదు. పెట్రోలులో సీసం ఉంటే కన్వర్టర్ చెడిపోతుంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి అంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. గంధకం కూడా మెట్టుమెట్టుగా తగ్గింది. బీఎస్-3 పెట్రోలులో పది లక్షల్లో 150 వంతులు, బీఎస్-4లో 50, బీఎస్-6లో 10. ఇంధనం శుభ్రపడ్డాక కొలత కూడా అంత కచ్చితం కావాలి. కార్లు 2000 ప్రాంతంలోనే మారాయి. 2006లో హీరో హోండా గ్లామర్ ఎఫ్‌ఐ లాంటివి వచ్చినా ధర ఎక్కువని ద్విచక్ర వాహనాలు ఆలస్యం చేశాయి. 2020 ఏప్రిల్ 1 తర్వాత బీఎస్-4 బళ్ళు అమ్మకూడదని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పాక వాయిదాకు దారి లేకపోయింది.

కొత్త పద్ధతి సీమకు ఏమిచ్చింది

ఇంజెక్షన్ బండిలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. అది పెట్రోలును సుమారు మూడు బార్ల పీడనంతో ఇంజెక్టర్‌కు నెడుతుంది. ఇంజెక్టర్ ఒక చిన్న విద్యుత్ వాల్వు. ఈసీయూ అనే చిన్న కంప్యూటరు దాన్ని కొన్ని మిల్లీసెకన్లు తెరిచి మూస్తుంది. ఎంతసేపు తెరిస్తే అంత పెట్రోలు. ఎంతసేపు తెరవాలో చెప్పేవి సెన్సార్లు: యాక్సిలరేటర్ ఎంత తిప్పారు, లోపలికి చేరిన గాలి పీడనం ఎంత, ఆ గాలి వేడి ఎంత, ఇంజను వేడి ఎంత, క్రాంకు ఎక్కడుంది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది.

ముందు చెప్పిన మూడు పరీక్షలకూ ఇందులో జవాబుంది. గాలి వేడెక్కితే సెన్సార్ చెబుతుంది, కంప్యూటరు పెట్రోలు తగ్గిస్తుంది. పెట్రోలును లాగకుండా వెనక నుంచి నెట్టడం వల్ల గొట్టంలో పీడనం పెరిగి మరిగే ఉష్ణోగ్రత పైకి పోతుంది. ఆవిరి బుడగకు చోటు బాగా తగ్గుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే శక్తి తగ్గుతుంది కానీ, లోపలికి నిజంగా చేరిన గాలినే లెక్కిస్తుంది కాబట్టి మిశ్రమం అంతగా చెడదు. ట్యాంకులో పుట్టిన ఆవిరిని బొగ్గు నింపిన క్యానిస్టర్ పట్టి ఉంచి తిరిగి ఇంజనుకు పంపుతుంది.

ఇందుకు చెల్లించే మూల్యమూ ఉంది. బ్యాటరీ పూర్తిగా పడిపోతే పంపు తిరగదు, కిక్కు కొట్టినా చాలా బళ్ళు లేవవు. రిజర్వు కాక్ లేదు. ట్యాంకు ఎండేదాకా నడిపితే పంపు పాడవుతుంది, ఎందుకంటే దాన్ని చల్లబరిచేది, జారుడుగా ఉంచేది ఆ పెట్రోలే. వేసవిలో పావు ట్యాంకు కన్నా తగ్గకుండా చూసుకోవడం మంచిది. అలాగని మూతదాకా నింపి ఎండలో పెట్టకూడదు. పెట్రోలు ప్రతి పది డిగ్రీలకు దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది. బండి పక్కకు పడితే పంపును ఆపే సెన్సార్ కొన్ని బళ్ళలో ఉంటుంది. లేపాక తాళం ఒకసారి ఆపి మళ్ళీ వేయాలి. ఈ చిన్న సంగతి తెలియక బండిని షెడ్డు దాకా తోసుకుపోయేవాళ్ళున్నారు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు మురికి. ఇంజెక్టర్ రంధ్రాలు వెంట్రుకంత సన్నవి. పల్లె అంగళ్ళలో ప్లాస్టిక్ సీసాల్లో అమ్మే పెట్రోలు ప్రమాదకరమే కాదు, అందులో దుమ్ము, నీళ్ళు, కల్తీ ఏదుందో కొన్నవాడికి తెలియదు. కార్బొరేటర్ బండిలో కచరా పడితే గిన్నె విప్పి కడిగితే సరిపోయేది. ఇంజెక్టర్‌ను అలా కడగలేం.

ఇథనాల్ తెచ్చిన కొత్త లెక్క

2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన ఈ20 బంకుల్లోకి రావడం మొదలై, 2025 నాటికి దాదాపు అంతటా అదే దొరుకుతోంది. చెరకు, నూకలు, మొక్కజొన్న దీనికి ముడిసరుకు. మొక్కజొన్న వేసే నంద్యాల వైపు రైతుకు ఇది ధర సంగతి, బండి యజమానికి కొలత సంగతి.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి గ్రాముకు 9 గ్రాముల గాలి చాలు. ఈ20కి కావలసిన పాళ్ళు 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతాయి. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సార్ దీన్ని గమనించి సర్దుకుంటుంది. స్వచ్ఛమైన పెట్రోలుకు కొలిచిన జెట్టున్న కార్బొరేటర్‌లో మిశ్రమం దాదాపు 8 శాతం పలచబడుతుంది. మే మధ్యాహ్నం వేడిగాలి 4 శాతం చిక్కబరిస్తే అందులో సగం తీరుతుంది. డిసెంబరు ఉదయం ఆ సర్దుబాటు ఉండదు, అందుకే చలికాలంలో పాత బండి మిస్ కొడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మైలేజీ కోసం ఎయిర్ స్క్రూ తిప్పించి, చిన్న జెట్టు వేయించి మిశ్రమాన్ని ఇంకా పలచబరిచే అలవాటు ఉంది. ఈ20 మీద, ఎండలో, ఇద్దరు మనుషులు రెండు బస్తాలతో పోయే బండికి అది ఇంజను వేడెక్కించి పిస్టన్ పట్టేసేలా చేయగలదు. జెట్టులో వైరు దూర్చి శుభ్రం చేయడం కూడా అంతే చెరుపు. ఇత్తడి రంధ్రం పెద్దదై కొలత శాశ్వతంగా పోతుంది.

మైలేజీ విషయంలో 2021లో నీతి ఆయోగ్ నివేదిక స్పష్టంగా చెప్పింది. పాత ఇంధనాలకు తయారైన బళ్ళు ఈ20తో నడిస్తే కార్లకు 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా. ఈ10 కోసం తయారై ఈ20కి సర్దిన కార్లలో తగ్గుదల 1 నుంచి 2 శాతం. ఇథనాల్‌కు నీటిని పీల్చే గుణముంది. నీళ్ళు పరిమితి దాటితే ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరు పొరగా దిగుతాయి, ఇంజను ఆ పొరను తాగి ఆగిపోతుంది. గాలి పొడిగా ఉండే సీమ వేసవిలో ఈ భయం తక్కువ. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో భూగర్భ ట్యాంకుల్లోకి నీళ్ళు దిగకుండా బంకుల యాజమాన్యాలు జాగ్రత్తపడాలి.

పొలంలో నిలిచిన కార్బొరేటర్, పెనుకొండలో తయారైన జీడీఐ

రోడ్డు మీద వెనకబడినా పొలంలో కార్బొరేటర్ ఇంకా రాజ్యమేలుతోంది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తికి మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్, పులివెందుల చీనీ తోటల్లో గడ్డి కోసే బ్రష్ కట్టర్, చిన్న కలుపు యంత్రాలు దానితోనే నడుస్తున్నాయి. ఏ కోణంలో వంచినా పనిచేయాల్సిన యంత్రాల్లో ఫ్లోటు బదులు పలచని రబ్బరు పొర ఉంటుంది. ఇథనాల్ పాత రకం రబ్బరును గట్టిపరుస్తుంది లేదా ఉబ్బిస్తుంది. పంట కాలం ముగిశాక పెట్రోలు అలాగే ఉంచితే జిగురుగా మారి జెట్లను మూస్తుంది. మూలన పెట్టే ముందు ట్యాంకు వంచేసి, ఇంజను ఆగేదాకా నడిపి, లోపల చుక్క మిగలకుండా చేస్తే వచ్చే పంటకు యంత్రం మొదటి లాగుడుకే లేస్తుంది.

ఇంకో కొసన, సీమలోనే తయారవుతున్న కార్లలో నేటి అత్యున్నత పద్ధతి ఉంది. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం నుంచి 2019లో వచ్చిన సెల్టోస్‌లో ఒక రకానికి జీడీఐ ఇంజను బిగించారు. ఇందులో ఇంజెక్టర్ సిలిండరులోకే నేరుగా చిమ్ముతుంది. మూడు బార్లు చాలవు, వందల బార్ల పీడనం కావాలి. పెట్రోలు సిలిండరులోనే ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది కాబట్టి ఇంజను కొట్టుకోవడం తగ్గుతుంది, వేడి నేలకు అది మేలు. కానీ లోపలికి పోయే వాల్వుల మీద పెట్రోలు పారదు, కడిగేది లేక మసి పేరుకుంటుంది. సన్నని పొగ రేణువులు కూడా ఎక్కువ. ప్రతి మెట్టులో కొలత మెరుగైంది, శుభ్రత అవసరం పెరిగింది.

మెకానిక్‌కు అందాల్సిన విద్య

కార్బొరేటర్ కాలంలో మెకానిక్ చెవితో విని, ప్లగ్గు రంగు చూసి, వేలితో స్క్రూ తిప్పి బండిని దారికి తెచ్చాడు. గురువు దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసి నేర్చిన ఆ విద్యకు విలువ తగ్గలేదు. ఇంజను చప్పుడులో తేడా పట్టే చెవి కొత్త బండికీ కావాలి. కొత్తగా కావలసింది స్కానర్, వైరింగ్ పటం, పీడనం కొలిచే గేజీ, వాటిని చదవగలిగే శిక్షణ.

2020 నుంచి ద్విచక్ర వాహనాల్లో ఓబీడీ (బండి తన లోపాన్ని తానే పసిగట్టే ఏర్పాటు) మొదటి దశ, 2023 నుంచి రెండో దశ తప్పనిసరి అయ్యాయి. లోపం ఎక్కడుందో బండే గుర్తుంచుకుంటుంది. పసుపు ఇంజను లైటు వెలిగితే కంప్యూటరు ఒక కోడు రాసిపెట్టిందని అర్థం. కొన్ని బళ్ళలో ఆ లైటు పొడవుగా, పొట్టిగా ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెడితే స్కానర్ లేకుండానే ఏ సెన్సార్ చెడిందో తెలుస్తుంది. ఈ కోడుల పట్టిక తెలుగులో అచ్చువేసి ప్రతి షెడ్డులో గోడకు అంటించవచ్చు. పెద్ద ఖర్చు లేని, వెంటనే ఫలితమిచ్చే పని ఇది.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది. వాహనాలు, వ్యవసాయ యంత్రాలు రెండూ అందులో ఉన్నాయి. ఆ హక్కు బేతంచెర్ల, మైదుకూరు షెడ్డుల దాకా రావాలంటే కంపెనీలు మరమ్మతు సమాచారాన్ని తెలుగులో ఇవ్వాలి. కర్నూలు, కడప ఐటీఐలు ఇప్పటికే పనిలో ఉన్న మెకానిక్‌ల కోసం సాయంత్రపు పొట్టి కోర్సులు పెట్టాలి. షోరూము నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రైతుకు, పాలవాడికి బండి ఆగిన రోజు కూలి పోయిన రోజు.

ఎండ తగ్గదు, నాపరాళ్ళ దుమ్ము ఆగదు, ఇంధనం ఇంకా మారుతుంది. ఈ మూడింటినీ గమనించి సర్దుకునే బండి మనకు వచ్చింది. ఇక ఆ బండికి నీళ్ళూ మురికీ లేని పెట్రోలు పోయడం బంకు బాధ్యత, సీసా పెట్రోలు మానడం మన బాధ్యత. మెకానిక్ చేతికి స్కానర్‌నూ దాని విద్యనూ అందించే బాధ్యత ప్రభుత్వానిది, కంపెనీలది. బీఎస్-6 వచ్చి ఏళ్ళు గడిచాయి. ఇంజెక్టర్ ఊరూరా చేరినంత త్వరగా ఆ విద్య కూడా ఊరూరా చేరాలి.